గంజి పెట్టిన బన్నులు

మా ఊళ్ళో తెలుగువాళ్ళ ఇళ్ళలో పిల్లల పుట్టినరోజు వచ్చినా, వేసవిలో పార్కులో పిక్నిక్ పెట్టుకున్నా ముందుగా నాకో ఫోన్ వస్తుంది. "వదినా, పావ్‌భాజీ అనుకుంటున్నాం. బన్నుల సంగతి మీరు చూసుకోవాలి." పులిహోర ఒకరిది, గుత్తివంకాయ ఒకరిది, బూరెలు ఇంకొకరివి. బన్నులు మాత్రం నా వంతు. ఇరవై ఏళ్ళ పైనుంచీ ఇదే వరస. ఒకప్పుడు నన్ను "బన్ ఆంటీ" అని పిలిచిన పిల్లలు ఇప్పుడు వాళ్ళ పిల్లల్ని ఎత్తుకొచ్చి "బన్ అమ్మమ్మ" అని చూపిస్తున్నారు.

నిజానికి ఇందులో గొప్ప పాకశాస్త్రం ఏమీ లేదు. ఈస్టు వేసి పిండి కలపడం నాకు ఈనాటికీ రాదు. నేను బన్నులు చెయ్యను, కొంటాను. కొన్నవాటికి కాస్త ముస్తాబు చేసి పంపిస్తాను, అంతే. ఆ ముస్తాబు ఎలా నేర్చుకున్నానో, దాని వెనక నేను చేసిన ఒక తప్పు ఏమిటో ఇన్నాళ్ళూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఈ సంచికకి వంటింటి గురించి ఏదైనా రాయమని అడిగితే, రాస్తే ఇదే రాయాలనిపించింది.

మా చిన్నప్పుడు తెనాలిలో బ్రెడ్డు అంటే జ్వరం. ఒళ్ళు వెచ్చబడిన మూడో రోజున నాన్న బజారు నుంచి బ్రెడ్డు తెచ్చేవారు. అమ్మ దాన్ని వేడి పాలల్లో ముంచి, పంచదార చల్లి తినిపించేది. బడి మానేసిన సంతోషమూ, బ్రెడ్డు దొరికిన సంతోషమూ ఒక్కసారే వచ్చేవి. ఇక బన్ను అయితే ఇంకా గొప్ప. బేకరీ అద్దాల బీరువాలో ఎర్రగా, నున్నగా, నూనె రాసిన చంటిపిల్లల బుగ్గల్లా మెరుస్తూ ఉండేవి. అందరిళ్ళలోనూ ఇంతే అనుకుంటాను. మన వైపు ఆ రోజుల్లో ఒంట్లో బాగున్నవాళ్ళు బ్రెడ్డు తినడం తక్కువ.

అందుకే 2001లో అమ్మ మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు, వంటింటి గట్టు మీద రెండు బ్రెడ్డు పాకెట్లూ, ఒక బన్నుల పాకెట్టూ చూసి కోటు విప్పకుండానే అడిగింది.

"ఎవరికే జ్వరం?"

ఎవరికీ కాదు, రేపు పొద్దున టిఫినుకి అంటే నమ్మలేదు. మా అమ్మాయి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసుకుని గానీ కూర్చోలేదు. ఆ తర్వాత పాకెట్టు విప్పి ఒక బన్ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. తెల్లగా, ముడతలు పడి, పైన ఎక్కడా మెరుపు లేకుండా ఉంది. "ఇదేం బన్నే! దీనికే జ్వరం వచ్చినట్టుంది" అంది.

మేమంతా నవ్వాం. కానీ అమ్మ అన్నమాట నిజం. కొట్లో దొరికే మామూలు హాంబర్గర్ బన్నులు మెత్తగా ఉండడానికి చేసినవి, చూడ్డానికి కాదు. చల్లారాక ప్లాస్టిక్ సంచిలో బిగించడంతో లోపలి తేమ పై పొరలోకి చేరుతుంది. పై పొర మెత్తబడి మెరుపు పోతుంది. నాలుగు రోజులు ఆగితే లోపలి పిండిపదార్థం గట్టిపడి రొట్టె బిరుసెక్కుతుంది. చెడిపోకుండా ఉంటుందని మనం ఫ్రిజ్‌లో పెడతామా, అక్కడ ఇంకా తొందరగా బిరుసెక్కుతుంది. నిలవ ఉంచాలంటే ఫ్రీజర్ నయం.

ఇక అసలు కథకి వస్తాను. అది 2004, తారణ నామ సంవత్సర ఉగాది. మేం ఒహాయోలో కొలంబస్‌కి వచ్చి అప్పటికి ఆరేళ్ళు. మా అమ్మాయికి ఎనిమిది. పండగ ఒక స్కూలు కాఫెటేరియా అద్దెకి తీసుకుని చేసుకుంటున్నాం. పెద్దలకి ఉగాది పచ్చడి మొదలు పెరుగన్నం దాకా అన్నీ ఉన్నాయి. పిల్లలు అవి ముట్టుకోరు కాబట్టి వాళ్ళ బల్ల మీద కూరగాయల కట్లెట్టు పెట్టిన బర్గర్లు అనుకున్నాం. కట్లెట్లు ముగ్గురు పంచుకున్నారు. బన్నులు నాకు పడ్డాయి. నాకే ఎందుకంటే, నా వంట మీద ఎవరికీ పెద్ద నమ్మకం లేదు. అంతకు ముందు ఏడాది నేను పట్టుకెళ్ళిన గారెలతో పిల్లలు కారిడార్‌లో బంతాట ఆడారు. బన్నులైతే కొనడమే కదా, ఏం పాడుచేస్తుందిలే అనుకుని ఉంటారు.

పాకెట్టుకి ఎనిమిది చొప్పున ఎనిమిది పాకెట్లు కొన్నాను. మొత్తం అరవై నాలుగు. అదే ట్రిప్పులో మావారు ఇండియన్ స్టోర్‌లో ఇరవై పౌన్ల సోనా మసూరి బస్తా కొని, కారు డిక్కీలో సరిగ్గా వాటి మీదే పెట్టారు. ఇంటికొచ్చి చూస్తే సగం బన్నులు చపాతీల్లా ఉన్నాయి.

మర్నాడే పండగ. నేను గరాజ్ గుమ్మంలో ఆ సంచులు పట్టుకుని నిలబడితే పక్కింటి పెద్దావిడ చూసింది. డెబ్భై ఏళ్ళు ఉంటాయి. ఎప్పుడూ ఏదో ఒకటి కాల్చి మాకు పంపే మనిషి. సంగతి విని నవ్వి, లోపలికి వచ్చి చెయ్యాల్సింది చూపించింది. బన్నుల మీద తడి చేత్తో నీళ్ళు చిలకరించాలి. ట్రేలో పేర్చి పైన ఫాయిల్ కప్పి, 300 డిగ్రీల ఫారెన్‌హీట్ ఓవెన్‌లో ఎనిమిది పది నిమిషాలు ఉంచాలి. ఆవిరికి అణిగినవి చాలామటుకు పైకి లేస్తాయి, బిరుసు కూడా తగ్గుతుంది. ఆ తర్వాత ఒక గుడ్డులో చెంచాడు నీళ్ళు పోసి గిలక్కొట్టి, బ్రష్షుతో పైన పల్చగా రాసి, 350 డిగ్రీల దగ్గర ఇంకో ఐదు నిమిషాలు ఫాయిల్ లేకుండా పెట్టాలి.

మేం గుడ్డు తింటాం కాబట్టి నాకు వేరే ఆలోచనే రాలేదు. మా అమ్మాయి తన రంగుల డబ్బాలోంచి కొత్త బ్రష్షు తీసి, స్టూలెక్కి, అరవై నాలుగు బన్నులకీ ఓపిగ్గా రాసింది. "అమ్మా, ఐ యామ్ పెయింటింగ్!" అని మురిసిపోయింది. ఓవెన్‌లోంచి తీశాక చూడాలి! గుడ్డులోని మాంసకృత్తులూ రొట్టెలోని చక్కెరలూ వేడికి కలిసి ఎర్రబడతాయట. దీన్ని 1912లో వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త మయార్ పేరుతో మయార్ చర్య అంటారని తర్వాత చదువుకున్నాను. ఆ రోజు మాత్రం నాకు కనిపించింది తెనాలి బేకరీ అద్దాల బీరువా. అవే బుగ్గలు, అదే మెరుపు.

పండగ రోజు బల్ల మీద ట్రేలు పెట్టగానే నలుగురు చుట్టూ చేరారు. "ఎంత బాగున్నాయండీ! ఇంట్లో చేశారా?" అని ఒకావిడ అడిగింది. నేను కాదని చెప్పాల్సింది. చెప్పలేదు. "ఏదోలెండి" అని నవ్వాను. నా వంటని మెచ్చుకుంటూ ఆరేళ్ళలో ఎవరూ అంత పెద్ద కళ్ళు చేసుకుని నా వైపు చూడలేదు. ఆ నవ్వు పది నిమిషాల్లో హాలంతా తిరిగి "ఆవిడ బన్నులు స్వయంగా చేసిందట" అయిపోయింది. అది కూడా నేను కాదనలేదు.

అప్పుడు వచ్చారు మామ్మగారు. మా స్నేహితురాలి అత్తగారు, విజయవాడ నుంచి ఆర్నెల్లకని వచ్చారు. ఒంటిపూట భోజనం, మడీ ఆచారం ఉన్న మనిషి. నా చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళి నెమ్మదిగా అడిగారు.

"అమ్మాయ్, ఈ బన్నులు ఇంట్లో నువ్వే చేశావటగా? కొట్లోవాటిలో ఏం కలుపుతారో అని నేను ముట్టుకోను. ఇంట్లో చేసినవంటే ఒకటి తిందామని ఉంది. చిన్నప్పుడెప్పుడో తిన్నాను. గుడ్డు కలపలేదు కదా?"

చుట్టూ ఇందాక మెచ్చుకున్నవాళ్ళే ఉన్నారు. గుడ్డు పైన రాశాను అంటే ఎందుకు రాశానో చెప్పాలి. ఎందుకో చెబితే కొన్నవే అని బయటపడుతుంది. ఇదంతా ఆలోచించడానికి ఎంతసేపు పట్టిందో తెలీదు గానీ నోరు ముందే తెరుచుకుంది.

"లేదండీ మామ్మగారూ, తినండి."

పిండిలో గుడ్డు లేదన్నది నిజమే. పాకెట్టు మీద చదివాను కూడా. ఆ సగం నిజాన్ని పట్టుకుని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆవిడ కుర్చీలో కూర్చుని, ఒక బన్ను తుంచుకుని, మాగాయ నంజుకుంటూ పూర్తిగా తిన్నారు. "బంగారు తల్లీ, చేతిలో పనితనం ఉంది" అన్నారు.

రాత్రి కారులో ఇంటికి వస్తున్నాం. వెనక సీట్లోంచి మా అమ్మాయి అడిగింది.

"అమ్మా, నేను పెయింట్ చేసింది ఎగ్ కాదా?"

"ఎగ్గే."

"మరి మామ్మకి లేదన్నావుగా? బేక్ చేస్తే అది ఎగ్ కాకుండా పోతుందా?"

అది నన్ను నిలదియ్యడానికి అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. అమ్మ అబద్ధం చెప్పి ఉండదు, కాబట్టి గుడ్డే మారిపోయి ఉంటుందని అనుకుంది. అవునమ్మా, మారిపోతుంది అంటే సరిపోయేది. నమ్మేది కూడా. మావారు పాట ఆపేసి నా వైపు చూశారు.

"పోదమ్మా. ఎగ్ ఎగ్గే. నేను అబద్ధం చెప్పాను" అన్నాను. ఆ తర్వాత ఇల్లు చేరేదాకా ఎవరం మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున్నే మా అమ్మాయిని తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. సోఫాలో కూర్చోకుండానే అంతా చెప్పాను. బన్నులు కొన్నవని, పైన గుడ్డు రాశామని, తెలిసే లేదన్నానని. మా స్నేహితురాలు నేల చూపులు చూస్తోంది. మామ్మగారు ఒక్క మాటా అనకుండా లేచి లోపలికి వెళ్ళారు. నీళ్ళ చప్పుడు వినిపించింది. చాలాసేపటికి తడి జుట్టు ముడేసుకుంటూ బయటికి వచ్చారు.

"తెలియక తిన్నదానికి నాకు దోషం లేదులే" అన్నారు. కాసేపాగి, "కానీ అడిగాను కదమ్మా" అన్నారు.

తిట్టి ఉంటే బాగుండేది. ఆ రెండో మాటకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

ఆ తర్వాత ఆవిడ ఎవరింట్లోనూ ఏమీ తినలేదు. ఎక్కడ భోజనాలైనా చిన్న స్టీలు డబ్బాలో పెరుగన్నం తెచ్చుకుని ఒక మూల కూర్చునేవారు. శ్రీరామనవమికి ఒకరింట్లో పానకం ఇస్తే కూడా కళ్ళకద్దుకుని పక్కన పెట్టారు. "ఆకలి లేదమ్మా" అనేవారు. అసలు కారణం ఎవరికీ చెప్పలేదు. నా పేరు బయటికి రానివ్వలేదు. ఆ డబ్బా చూసినప్పుడల్లా నాకు గొంతులో ముద్ద దిగేది కాదు.

ఒక ఆదివారం ఫోన్ కార్డు గీకి అమ్మకి ఫోన్ చేశాను. చెప్పుకోవడానికి ఇంకెవరున్నారు? అంతా విని అమ్మ తిడుతుందనుకున్నాను. "కొన్నవాటికి కాస్త మెరుపు పెట్టావు, అందులో తప్పేముందే?" అంది. నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది.

"నేను గంజి పెట్టేదాన్ని గుర్తుందా?"

గుర్తులేకేం! మా అమ్మ మునిసిపల్ స్కూల్లో టీచరు. ఐదే నేత చీరలు, అందులో రెండు మంగళగిరివి. అన్నం వార్చిన గంజి పల్చగా చేసి, గుడ్డలో వడగట్టి, చీర ముంచి ఆరేసేది. గంజి చిక్కనైతే ముదురు రంగు చీర మీద తెల్లటి మరకలు పడతాయని రెండుసార్లు వడగట్టేది. ఆరిన చీర మీద నీళ్ళు చిలకరించి, మడతపెట్టి, పరుపు కింద పెట్టేది. పొద్దున కట్టుకుని వీధిలో నడుస్తుంటే చీర ఫెళఫెళలాడేది.

"అవి పాత చీరలని మా స్కూల్లో అందరికీ తెలుసు. కొత్త చీర అనిపించుకోవడానికి నేను గంజి పెట్టలేదే. నలిగిన బట్టతో పిల్లల ముందుకి వెళ్ళకూడదని పెట్టాను. ఎవరైనా కొత్తదా టీచర్ గారూ అనడిగితే, ఏడేళ్ళయింది కొని అని చెప్పేదాన్ని. నువ్వు గంజి పెట్టావు బాగానే ఉంది. పాత చీర అని చెప్పడమే మర్చిపోయావు."

కార్డులో నిమిషాలు అయిపోయి ఫోన్ కట్ అయింది. నేను అలాగే కూర్చున్నాను. ఆ వారమంతా అమ్మ మాటతో పాటు గంజి కూడా బుర్రలో తిరిగింది. బట్టకి మెరుపిచ్చే గంజి బన్నుకి ఎందుకివ్వదు?

శనివారం నేనూ మా అమ్మాయీ కలిసి పరీక్ష పెట్టాం. నాలుగు బన్నులు తీసుకున్నాం. కాయితం ముక్కల మీద ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు వేసి ముందు పెట్టాం. ఒకటో దానికి పాలు రాశాం. రెండో దానికి కరిగించిన వెన్న. మూడో దానికి పంచదార పాకం. నాలుగో దానికి గంజి. అన్నం గంజి బదులు కార్న్ స్టార్చ్ వాడాం, ఇండియాలో కార్న్‌ఫ్లోర్ అంటామే, అదే. నాలుగూ ఒకే ట్రేలో, ఒకే వేడిలో ఐదు నిమిషాలు.

పాలు రాసింది కాస్త ఎర్రబడింది గానీ మెరుపు లేదు. వెన్న రాసింది వెంటనే తళతళలాడింది. మంచి వాసన. కానీ పావుగంటలో వెన్న లోపలికి ఇంకిపోయి మళ్ళీ మామూలుగా అయింది. పై పొర మాత్రం మెత్తబడింది. పాకం రాసింది అన్నిటికన్నా మెరిసింది గానీ చేతికి అంటుకుంటోంది. తియ్యటి బన్నుకైతే అది బాగుంటుంది, కట్లెట్టుకి కాదు. గంజి రాసింది గుడ్డంత ఎర్రగా రాలేదు, ఉన్న రంగే కాస్త నిగారించింది. కానీ పైన సన్నటి గాజు పొర పరిచినట్టు మెరిసింది. ఆరాక చేతికి అంటలేదు. సాయంత్రానికి కూడా మెరుపు అలాగే ఉంది. పిండి నీళ్ళలో ఉడికినప్పుడు జిగురుగా మారి, ఆరాక పల్చటి పొరగా నిలబడుతుంది. చీర నూలు మీద జరిగేదీ ఇదే. రెండోసారి రాసేటప్పుడు నువ్వులు చల్లితే రాలకుండా అంటుకున్నాయి కూడా.

మా అమ్మాయి నాలుగో నెంబరు కాయితం మీద నక్షత్రం అతికించింది.

మామ్మగారు ఇండియా వెళ్ళడానికి వారం ముందు ఒక పళ్ళెంలో డజను బన్నులకి గంజి పెట్టి తీసుకెళ్ళాను. బన్నుల పాకెట్టు కూడా పట్టుకెళ్ళాను. మా అమ్మాయి ఒక కార్డు రాసింది. అమ్మమ్మ వచ్చినప్పుడు పలక మీద నేర్పిన అక్షరాలు కూడబలుక్కుని, నాలుక బయటపెట్టి, గంటసేపు రాసింది. "బన్నులు కోన్నవి. మెరుపు మాది. గుడ్డు లేదు."

మామ్మగారు కళ్ళజోడు పెట్టుకుని కార్డు చదివారు. పాకెట్టు నా చేత చదివించుకున్నారు. ఆ తర్వాత మా అమ్మాయిని దగ్గరికి పిలిచి, "కోన్నవి కాదు తల్లీ, కొన్నవి. ఇక్కడ దీర్ఘం ఉండకూడదు" అని, దాని చెయ్యి పట్టుకుని పక్కన మళ్ళీ రాయించారు. బన్ను మాత్రం తినలేదు.

"నేను కొట్లోవి తినను, నీకు తెలుసుగా. మనవడు తింటాడులే, అక్కడ పెట్టు" అన్నారు.

నేను లేచాను. గుమ్మం దాకా వచ్చారు. "రేపు మీ ఇంటికి వస్తాను. కాఫీ ఇస్తావా?" అన్నారు.

వచ్చారు. రెండు నెలల్లో ఇంకొకరి ఇంట్లో ఆవిడ ముట్టుకున్న మొదటి వస్తువు ఆ కాఫీ. గ్లాసు చేతిలోకి తీసుకుని లోపలికి తొంగిచూసి, "దీని మీద ఏమీ పుయ్యలేదు కదా?" అని అడిగారు. ముందు ఆవిడే నవ్వారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

మామ్మగారూ అమ్మా ఇద్దరూ ఇప్పుడు లేరు. నేను మాత్రం ఆ తర్వాత కార్డు లేకుండా బన్నులు ఎక్కడికీ పంపలేదు. అది ఒట్టి ఆచారం గొడవే అనుకోకండి. ఈ దేశంలో 2004లోనే ఒక చట్టం చేసి, 2006 జనవరి నుంచి పాలు, గుడ్లు, గోధుమ, వేరుశనగ లాంటి ఎనిమిది రకాల ఆహారాల పేర్లు పాకెట్ల మీద స్పష్టంగా రాయాలన్నారు. 2023 జనవరి నుంచి నువ్వులు తొమ్మిదోది. నువ్వులు పడని పిల్లలకి అది ప్రాణం మీదికి రావచ్చు. పాకెట్టు విప్పి పళ్ళెంలో పెట్టిన క్షణం నుంచి ఆ లేబుల్ మనమే. అందుకని ఇప్పుడు నువ్వులు చల్లినవి వేరే పళ్ళెంలో పెడతాను, వాటికి బ్రష్షు కూడా వేరే. బ్రియోష్, హల్లా అని పేరున్న బన్నుల్లో మామూలుగా గుడ్డు ఉంటుంది. లేబుల్ మీద మోనో గ్లిజరైడ్లు, డై గ్లిజరైడ్లు అని ఉంటే అవి మొక్కల నూనెల నుంచి వచ్చి ఉండవచ్చు, జంతువుల కొవ్వు నుంచీ వచ్చి ఉండవచ్చు. శాకాహారులకి పెట్టేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పడం మంచిది. తినాలా వద్దా అన్నది వాళ్ళిష్టం.

పిల్లలూ, ఇక మీకోసం ఆ గంజి పద్ధతి. పొయ్యి దగ్గర, ఓవెన్ దగ్గర అమ్మో నాన్నో ఉండాలి. బ్రష్షు పని పూర్తిగా మీదే.

అరకప్పు చల్లటి నీళ్ళలో ఒక టీస్పూను కార్న్ స్టార్చ్ ఉండలు లేకుండా కలపండి. వేడినీళ్ళలో వేస్తే ఉండలు కడుతుంది, జాగ్రత్త. సన్నటి మంట మీద కలుపుతూ ఉడికించండి. ముందు పాలలా తెల్లగా ఉంటుంది. బుడగలు వచ్చి, తెలుపు పోయి అద్దంలా అయ్యాక దింపేయండి. తెల్లగా ఉండగానే దింపితే మా అమ్మ చీర మీద పడ్డట్టు బన్నుల మీద మరకలు పడతాయి. గోరువెచ్చగా అయ్యేదాకా ఆగండి. ఈలోగా బన్నులు అణిగిపోయి ఉంటే నీళ్ళు చిలకరించి, ఫాయిల్ కప్పి, 300 డిగ్రీల దగ్గర ఎనిమిది నిమిషాలు వేడిచెయ్యండి. తర్వాత గంజి పల్చగా ఒక్క పూత పుయ్యండి. 350 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు, ఫాయిల్ లేకుండా. ఇంకా మెరుపు కావాలంటే రెండో పూత వేసి మరో రెండు నిమిషాలు. పాత్ర కడగడం మర్చిపోకండి, గంజి ఎండితే వదలదు.

చివరి పని కార్డు. అది పిల్లలే రాయాలి. తప్పులున్నా ఫరవాలేదు, దిద్దేవాళ్ళు ఎవరో ఒకరు దొరుకుతారు.

మా అమ్మాయికి ఇప్పుడు ముప్ఫై దగ్గర పడుతోంది. సియాటిల్‌లో ఉద్యోగం. పోయిన నెల వాళ్ళ ఆఫీసులో పాట్‌లక్ అట, ముందురోజు రాత్రి ఫోన్ చేసి గంజి కొలతలు అడిగింది. మర్నాడు ఫోటో పంపించింది. బల్ల మీద ట్రేలో బన్నులు నిగనిగలాడుతున్నాయి. ముందు ఒక కార్డు, పైన ఇంగ్లీషులో, కింద తెలుగులో. ఫోటో పెద్దది చేసుకుని చదివాను.

"బన్నులు కొన్నవి. మెరుపు మాది. గుడ్డు లేదు. నువ్వులు ఉన్నాయి."

ఈసారి దీర్ఘం లేదు.